కహఫ్ సూరాలోని పచ్చదనం

స్తోత్రాలన్నీ ఆకాశం నుండి నీటిని కురిపించి, ఎండిన నేలకు ప్రాణం పోసే అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైన, ఆయన కుటుంబీకుల పైన, సహచరుల పైన శాంతి, శుభాలు వర్షించుగాక!



జుమా నాడు మనలో చాలామందిమి కహఫ్ సూరా పారాయణం చేస్తాము. 110 ఆయతులు గల ఆ సూరాలో గుహవాసుల గాథ మనకు గుర్తుంటుంది. మూసా (అలైహిస్సలాం) ప్రయాణం గుర్తుంటుంది. జుల్‌ఖర్‌నైన్ కట్టించిన అడ్డుగోడ గుర్తుంటుంది. అయితే ఆ సూరా నడుమ ఒక రంగు ఉంది. ఒకచోట పేరుతోనే ప్రస్తావించబడింది, మరికొన్ని చోట్ల పేరు లేకుండానే కళ్లకు కడుతుంది. అది ఆకుపచ్చ. నేడు దానిని గురించి కొంత ఆలోచిద్దాము.

ముందుగా ఒక సంగతి తేటపరచుకోవాలి. ఆకుపచ్చను ముస్లిముల రంగు అనడం లోకానికి అలవాటయింది, మనకూ అలవాటయింది. మసీదు తలుపులకు, మినార్లకు, జెండాలకు మనం ముందుగా కోరుకునే రంగు అదే. కాని దైవప్రవక్త (స) ఏ రంగునూ ఇస్లాం చిహ్నంగా నిర్ణయించలేదు. ఆయన రెండు ఆకుపచ్చ వస్త్రాలు ధరించి ఉండగా చూశానని అబూ రిమ్‌సా (రజి) తెలిపారు. మక్కా విజయం నాడు ఆయన శిరస్సుపై నల్లని తలపాగా ఉన్నదని జాబిర్ (రజి) ఉల్లేఖించారు. ధరించడానికీ, మృతులకు కఫన్‌గా వాడడానికీ ఆయన తెల్లని వస్త్రాలనే మెచ్చారు. తరువాతి పాలకుల కాలంలో రంగులు రాజకీయాన్ని బట్టి మారుతూ వచ్చాయి. అబ్బాసీల రంగు నలుపు. క్రీ.శ. 817లో ఖలీఫా మామూన్ ఇమామ్ అలీ రజాను తన వారసునిగా ప్రకటించి, నలుపును తీసివేసి ఆకుపచ్చ ధరించమన్నాడు. 819లో బగ్దాదు చేరిన కొద్దికాలానికే మళ్లీ నలుపు వచ్చింది. మదీనాలో మనం ప్రేమతో తలచుకునే పచ్చని గుమ్మటాన్ని మొదట కట్టించినది మమ్లూక్ సుల్తాన్ ఖలావూన్, 1279లో. దానికి ఆకుపచ్చ రంగు వేసినది ఉస్మానీ సుల్తాన్ రెండవ మహమూద్ కాలంలో, 1837లో. అంతకుముందు ఐదు శతాబ్దాలకు పైగా మదీనాకు వెళ్లిన విశ్వాసులు మరో రంగు గుమ్మటాన్నే చూసి కన్నీరు పెట్టుకున్నారు.

ఈ మాటలు ఆకుపచ్చను చిన్నబుచ్చడానికి కాదు. రంగు డబ్బాలోని పచ్చదనం ఒకటి, దివ్య ఖుర్‌ఆన్‌లోని పచ్చదనం మరొకటి. ఖుర్‌ఆన్‌లో ఆ రంగు తడిగా ఉంటుంది. వాన పడగానే నేల పచ్చబడడాన్ని హజ్ సూరా చూపుతుంది. పచ్చని మొలక నుండి ఒకదానిపై ఒకటిగా పేర్చిన గింజలు వెలువడడాన్ని అన్ఆమ్ సూరా చూపుతుంది. ఈజిప్టు రాజు కలలో ఏడు పచ్చని కంకులు, వాటి పక్కనే ఎండిన కంకులు ఉన్నాయి. స్వర్గంలోని రెండు తోటలను వర్ణిస్తూ రహ్మాన్ సూరా, అవి నల్లగా కనిపించేంత గాఢమైన పచ్చదనం గలవని అంటుంది. ఈ వాక్యాలను మొదట విన్నవారు ఎడారి మనుషులు. వారి చెవికి పచ్చదనం అంటే అలంకారం కాదు, నీరు దొరికిందన్న వార్త.

మన రాయలసీమ వారికి దీనిని వివరించి చెప్పనక్కరలేదు. జూన్ దాటి, జూలై దాటి, విత్తనం వేసిన వేరుశనగ చేనులో నిలబడి మబ్బు కోసం చూసిన కన్నులకు ఆ ఆయతుల అర్థం తఫ్సీరు లేకుండానే తెలుస్తుంది.

ఇక కహఫ్ సూరాకు వద్దాము. 31వ ఆయతులో స్వర్గవాసుల దుస్తుల వర్ణన ఉంది. వారు సన్నని పట్టుతో, జరీ పట్టుతో చేసిన ఆకుపచ్చ వస్త్రాలు ధరించి ఆసనాలపై ఆనుకొని ఉంటారు. ఈ లోకంలో పురుషులకు పట్టు, బంగారం నిషిద్ధం. ఇక్కడ అల్లాహ్ కోసం వదులుకున్నదే అక్కడ గౌరవంగా తిరిగి లభిస్తుంది. ఆ ఆకుపచ్చ ఎవరూ కొనుక్కునేది కాదు, తొడిగించబడేది.

ఆ వెంటనే, 32వ ఆయతులో, ఇద్దరు మనుషుల కథ మొదలవుతుంది. స్వర్గపు పచ్చని వస్త్రాల నుండి భూమి మీది పచ్చని తోటకు సూరా మనలను నేరుగా తీసుకువస్తుంది. ఆ ఇద్దరిలో ఒకనికి రెండు ద్రాక్షతోటలు. చుట్టూ ఖర్జూరపు చెట్లు, నడుమ పైరు, మధ్యలో ప్రవహించే కాలువ. ఏ లోటూ లేకుండా కాపు కాసేవి. ఇది అంతం కాగలదని తాను అనుకోవడం లేదని తన తోటివానితో అంటాడు. ప్రళయం వస్తుందనీ అనుకోవడం లేదంటాడు. అతడు దొంగ అని గాని, హద్దురాళ్లు జరిపాడని గాని సూరా చెప్పదు. అతని పతనమంతా ‘నాది’ అన్న మాటలో ఉంది. పేదవాడైన తోటివాడు అతనిని రెండు విషయాలలో హెచ్చరించాడు. ఆకాశం నుండి ఆపద దిగి నేల బోసిపోవచ్చు. లేదా నీటిని నీవు ఎన్నడూ వెతికి పట్టుకోలేనంతగా అది భూమిలోకి ఇంకిపోవచ్చు.

ఆ రెండవ హెచ్చరిక దగ్గర మనం ఆగాలి. ఎన్నో ఏళ్లుగా మనం పారాయణం చేస్తున్న ఆ 41వ ఆయతు మన పల్లెల్లో కళ్లముందే జరుగుతోంది. తాతల కాలంలో మోటబావికి అందిన నీరు తండ్రుల కాలంలో బోరుకు అందింది. ఇప్పుడు వందల అడుగులు దించినా పైపులోంచి దుమ్ము లేస్తోంది. ఒక రైతు బోరు వేస్తాడు. పక్క రైతు అంతకన్నా లోతుగా వేస్తాడు. మొదటివాని బోరు ఎండిపోతుంది. ఇద్దరూ జుమాకు వచ్చి ఒకే సఫ్‌లో, భుజానికి భుజం ఆనించి నిలబడతారు. సలాం తిప్పిన తరువాత ఒకరి ముఖం ఒకరు చూడరు. సోదరులారా, ఇది ఎక్కడో జరుగుతున్నది కాదు.

నీరు, పచ్చిక, నిప్పు ఈ మూడింటిలో ప్రజలందరూ భాగస్వాములని దైవప్రవక్త (స) బోధించారు. తన సొమ్ముతో తవ్వుకున్న బావిపై తవ్వినవానికే మొదటి హక్కు అని పండితులు వివరించారు, అది న్యాయమే. కాని తన అవసరం తీరాక మిగిలిన నీటిని దప్పిగొన్న మనిషికి, పశువుకు నిరాకరించే హక్కు అతనికి లేదు. మిగులు నీటిని బాటసారికి ఇవ్వని వానివైపు ప్రళయదినాన అల్లాహ్ చూడడని హదీసులో ఉంది. కనుక మీ బోరులో నీరు ఉండి, పక్క చేను వాడిపోతుంటే, ఒక్క తడికి పైపు వేసి ఇవ్వండి. పాత తగవు ఉంటే ముందు పైపు వేయండి, తగవు తరువాత తేల్చుకోవచ్చు.

పచ్చని చేనులో మరొక హక్కు కూడా ఉంది, దానిని మనం దాదాపు మరచిపోయాము. వానతో, ఊటతో పండిన పంటలో పదవ వంతు; నీరు తోడి పండించిన పంటలో ఇరవయ్యవ వంతు. ఇది ఉష్ర్. కోత నాడే దాని హక్కు చెల్లించమని అన్ఆమ్ సూరా ఆదేశిస్తుంది. ఎంత పంటపై విధి అవుతుందనే దానిలో పండితుల మధ్య భేదం ఉంది, మీ ఇమామును అడిగి తెలుసుకోండి. రంజాన్‌లో నగల జకాత్ లెక్కకట్టే ఇళ్లలో కూడా ధాన్యం లెక్క అడిగేవారు కనబడరు.

తోట యజమాని కథ ముగిసేసరికి పందిళ్లు కూలి ఉన్నాయి, అతడు చేతులు నలుపుకుంటున్నాడు. 45వ ఆయతు ఇహలోకాన్నంతటినీ అలాంటి పైరుతో పోలుస్తుంది: వాన, మొలక, ఆ పిదప గాలికి ఎగిరిపోయే పొట్టు. మన తెలుగులో ఒక విచిత్రం ఉంది. ‘పచ్చ’ అంటే ఆకు రంగూ అవుతుంది, పసుపు రంగూ అవుతుంది. చిగురుకూ, పండుటాకుకూ ఒకే మాట. హదీద్ సూరాలో రైతును మురిపించిన పైరు పసుపుబారే దృశ్యం చదివినప్పుడల్లా ఈ మాట మనకు గుర్తుకు వస్తుంది.

ఆ తరువాత సూరాలో మూసా (అలై) ఒక దైవదాసుని కలుస్తారు. ఆయన పేరు ఖుర్‌ఆన్‌లో లేదు, హదీసులో ఉంది: ఖిజర్. ఆయన ఎండిన తెల్లని నేలపై కూర్చోగా అది పచ్చబడి కదలాడిందని, అందుకే ఆ పేరు వచ్చిందని దైవప్రవక్త (స) చెప్పినట్లు అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. ఆయన గురించి జనంలో తిరిగే కథలు అనేకం, వాటి జోలికి పోనవసరం లేదు. సూరా చూపిన ఆయన పనిని మాత్రం చూడండి. అన్నం పెట్టడానికి నిరాకరించిన ఊరిలో, కూలబోతున్న గోడను కూలి అడగకుండా నిలబెట్టారు. ఆ గోడ ఇద్దరు అనాథ బాలురది. దాని క్రింద వారి నిధి ఉంది. కూర్చున్నచోట నేలను పచ్చబరచిన మనిషి పట్టణంలో చేసిన పని, అనాథల సొత్తు కాపాడడం. మన మహల్లాలో తండ్రి లేని పిల్లల పొలం ఎవరి చేతిలో ఉందో, దాని కౌలు ఎవరికి చేరుతుందో మనకు తెలుసు కదా?

మరొక హదీసు. దైవప్రవక్త (స) రెండు సమాధుల ప్రక్కగా వెళుతూ, పచ్చి ఖర్జూరపు మట్టను రెండుగా చీల్చి ఒక్కొక్క దానిపై నాటారు. అవి ఎండిపోయే వరకు వారి శిక్ష తేలిక కావచ్చునని ఆశించారు. మనం ఆ మట్టను గుర్తుంచుకున్నాము, సమాధులపై ఆకుపచ్చ చాదర్లు కప్పడం నేర్చుకున్నాము. ఆ ఇద్దరికి శిక్ష ఎందుకు పడిందో మాత్రం మరచాము. ఒకరు మూత్రపు తుంపరల నుండి శుభ్రత పాటించలేదు. మరొకరు ఒకరి మాటలు మరొకరికి చేరవేసేవారు. సమాధిపై కప్పే వస్త్రం కొనే డబ్బుతో ఖబరస్తాన్‌లో నాలుగు వేప మొక్కలు నాటవచ్చు. మసీదులో వుజూ చేసిన నీరు ఐదు పూటలా మురుగుకాలువలో కలుస్తోంది, ఒక కాలువ తీస్తే ఆ మొక్కలకు చేరుతుంది. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే దోసెడు నీటితో, వుజూ ముగించేవారు. మనం కొళాయి విప్పి మాట్లాడుకుంటున్నాము. విశ్వాసి నాటిన చెట్టు నుండి పక్షి తిన్నా, పశువు తిన్నా అది అతనికి దానంగా వ్రాయబడుతుందని బుఖారీ హదీసులో ఉంది.

ఓ అల్లాహ్! మా నేలకు మేలు చేసే వానను కురిపించు. మా బావులలో నీటిని నిలుపు, పొరుగువానికి పంచే మనసు మాకు ప్రసాదించు. నీరు లేక వలసపోయిన మా సోదరులను వారి ఇళ్లకు క్షేమంగా చేర్చు. నీవు తొడిగించే ఆ పచ్చని వస్త్రాలకు మమ్మల్ని, మా తల్లిదండ్రులను అర్హులను చేయి. ఆమీన్.