శుక్రవారపు బంతియాట - టెక్సాసు బడుల పందెములు, ఊళ్ళ పౌరుషము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



ఈ సభలో భారతమునుగూర్చి నాలుగుమాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను కళాశాల గడప తొక్కినవాడను గాను. పగలు పద్దులు వ్రాయుట, రాత్రులు ఈ బీరువాలలోని కావ్యములను కూడబలుకుకొనుట నా జీవితము. కావున వారి కోరిక సహజమే. అయినను నేడు నేను వేరొక విషయమును ఎన్నుకొంటిని. దానికి కారణము మన అరుగులమీదనే ఉన్నది. మన ఊరి కుటుంబములు కొన్ని అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున డల్లాసు నగరప్రాంతములో స్థిరపడియున్నవి. వారి పిల్లలు అచ్చటి ఉన్నత పాఠశాలలలో చదువుచున్నారు. నవంబరు వచ్చెనా, శనివారము ఉదయమున మనుమలు ఫోనులో "ప్లేఆఫ్" అనియు, "మా బడి గెలిచినది తాతా" అనియు చెప్పుదురు. తాత "సంతోషము నాయనా" అనును. ఫోను పెట్టిన పిమ్మట నాయొద్దకు వచ్చి, "అదేమి ఆటయోయ్, నీకేమైన తెలియునా?" అనును. ఇట్లు నలుగురైదుగురు అడిగిరి. చదివి తెలిసికొన్నది చెప్పెదను.

మొదట ఒక భ్రమ తీరవలెను. వారు ఫుట్‌బాల్ అనునది మన బడులలో ఆడు ఫుట్‌బాల్ కాదు. బంతి గుండ్రముగా నుండదు. రెండుకొనలును కూచిగా నుండును. దానిని కాలితో తన్నుట తక్కువ, చంకనిడుకొని పరుగెత్తుటయు చేతితో విసరుటయు ఎక్కువ. పక్షమునకు పదునొకండుగురు, మైదానము నూరుగజముల పొడవు. బంతిగల జట్టు నాలుగు ప్రయత్నములలో పదిగజములైన ముందునకు జరుగవలెను. జరిగినచో మరల నాలుగు ప్రయత్నములు దొరకును. లేనిచో బంతి ఎదిరివారిది. తుదిగీత దాటించినచో ఆరు పాయింట్లు. అడ్డువచ్చినవానిని పట్టి పడవేయుట ఆటలో భాగమే గనుక పిల్లలు శిరస్త్రాణములును భుజకవచములును ధరింతురు. పదిగజములు జరిగిరో లేదో తెలియుటకు గీతవెలుపల గొలుసు పట్టుకొని మనుష్యులు నిలిచియుందురు. సందేహము వచ్చినప్పుడు ఆ గొలుసును మైదానములోనికి తెచ్చి కొలుతురు. ఇది చదివినప్పుడు నాకు మన సర్వేయరు గొలుసు జ్ఞప్తికి వచ్చినది. చెడుగుడులోని పట్టును, గట్టుతగవులోని పట్టుదలను కలిపినచో ఈ యాట యగునని నా యభిప్రాయము.

టెక్సాసు మన రెండు తెలుగు రాష్ట్రములు కలిసినదానికి రెండున్నర రెట్లు విశాలమైనది. అచ్చటి ప్రభుత్వ పాఠశాలల పోటీలను నడపు లీగు 1910లో ఆస్టిన్ నగరమందలి విశ్వవిద్యాలయముయొక్క ఆధ్వర్యమున పుట్టినది. విచిత్రమేమనగా అది ఆటలకై పుట్టలేదు. ఉన్నత పాఠశాలల వాదప్రతివాద సభలకై పుట్టినది. ఆటలు పిమ్మట చేరినవి. నేటికిని ఆ లీగు వర్ణక్రమమునందును, వక్తృత్వమునందును, గణితమునందును పోటీలు జరుపుచున్నది. అందొక నోటిలెక్కల పరీక్ష కలదు: పదినిమిషములు, ఎనుబది లెక్కలు, చిత్తుకాగితము కూడదు, వ్రాసినదానిని చెరుపరాదు. ఆ పందెమునకు పదునెనిమిదివేలమంది ప్రేక్షకులు వచ్చినట్లు నేనెచ్చటను చదువలేదు. లెక్కలవాడను గనుక ఈ మాట అంటిని, మన్నింతురుగాక.

ఫుట్‌బాల్‌లో రాష్ట్రవిజేతను నిర్ణయించుట 1920 సంవత్సరపు పోటీలతో మొదలైనది. ఆ మొదటి తుదిపోరున హ్యూస్టన్ హైట్స్, క్లీబర్న్ అను రెండు బడులును ఒక్క పాయింటైనను చేయలేకపోయినవి; ఇరువురిని విజేతలుగా ప్రకటించిరి. ఇప్పుడు విద్యార్థుల సంఖ్యనుబట్టి బడులను ఆరు తరగతులుగను, ఒక్కొక్క తరగతిని రెండు విభాగములుగను చేసి, పండ్రెండుగురు విజేతలను తేల్చుచున్నారు. రెండేండ్లకొకమారు తలలు లెక్కించి ఏ బడి ఏ తరగతియో మరల నిర్ణయింతురు. ఆగస్టు చివర మొదలై నవంబరు తొలిదినములవరకు ఇరుగుపొరుగు బడులు తమలో తాము ఆడును. ఇందు మేలైనవి ప్లేఆఫ్‌నకు పోవును. ఇక అచ్చట రెండవ అవకాశము లేదు. ఓడిన జట్టు ఆ రాత్రియే ఇల్లు చేరవలసినదే. పెద్ద బడి విజేత కావలెనన్న వరుసగా ఆరు పోరాటములు గెలువవలెను.

శుక్రవారము రాత్రి దీపములు వెలిగినంతనే చిన్నయూళ్ళలో అంగళ్ళు మూసి జనమంతయు మైదానమునకు పోదురట. బడిపిల్లల బ్యాండుమేళము కవాతు చేయును. పూర్వవిద్యార్థులను ఆహ్వానించు ఉత్సవదినమున ఆడపిల్లలు రొమ్మునిండ చామంతిపూవును ధరింతురు. ఒకనాడు అది నిజమైన చామంతి. నేడు పట్టుతో చేసినది, రిబ్బనులును చిరుగంటలును వ్రేలాడుచు మోకాళ్ళవరకు దిగును. మన తిరునాళ్ళకు వారి ఆటకు గల దూరము సముద్రమంత లేదు.

పౌరుషమున్నచోట పద్దులు తారుమారగుట కలదు. 1988వ సంవత్సరపు కథ చెప్పెదను. పశ్చిమ టెక్సాసున ఒడెస్సా అను పట్టణమున్నది. మెట్టభూమి, నూనెబావులే వారికి పైరు. 1986లో చమురు ధర కూలినప్పుడు ఆ ఊరును కూలినది. మిగిలినదెల్ల పర్మియన్ ఉన్నత పాఠశాల జట్టే. తొంబదివేల జనముగల ఊరికి సుమారు పందొమ్మిదివేలమంది కూర్చుండు స్టేడియము 1982లోనే కట్టిరి. బిస్సింజర్ అను పత్రికారచయిత ఆ 1988 ఋతువంతయు ఒడెస్సాలో కాపురముండి, 1990లో "ఫ్రైడే నైట్ లైట్స్" అను గ్రంథమును ప్రకటించెను. అది పిమ్మట సినిమాగను, టెలివిజను కథగను వచ్చినది.

ఆ ఏట మూడు బడులు సమానముగా నిలిచినవి. పర్మియన్ మిడ్లాండును ఓడించెను, మిడ్లాండు లీ బడిని ఓడించెను, లీ బడి పర్మియన్‌ను ఒక్క పాయింటు తేడాతో ఓడించెను. ప్లేఆఫ్‌నకు పోవలసినవి రెండే. ఏమి చేయవలెను? అర్ధరాత్రి దాటిన పిమ్మట లారీలు ఆగు ఒక విడిదిలో ముగ్గురు శిక్షకులును చేరి తలా ఒక నాణెమును ఎగురవేసిరి. ఇద్దరికి ఒకవైపు, ఒకనికి వేరువైపు పడెను; వేరుపడినది మిడ్లాండు. టెలివిజనులో ఊళ్ళకు ఊళ్ళు మేలుకొని దీనిని చూచినవి. పల్నాటిలో కోడిపందెముమీద రాజ్యము నొడ్డిరన్న కథ విని నవ్వువారు ఈ నాణెములనుగూర్చియు ఒకింత ఆలోచింపవలెను.

ఆ గ్రంథమున నా కన్ను నిలిచినచోటు ఆట కాదు, ఖర్చులపుట. ఆ బడిలో ఇంగ్లీషు శాఖ బోధనసామగ్రికి 5,040 డాలర్లు. అదే ఋతువున జట్టును ప్రత్యేకవిమానములలో త్రిప్పుటకు సుమారు 70,000 డాలర్లు. టికెట్లవలన రాబడియు కలదందురు, నేను కాదనను. కాని రెండంకెలును ఒకే బడివి. ఈ గ్రంథము వెలువడినప్పుడు ఒడెస్సావారు మండిపడిరి. బెదిరింపులు వచ్చుటచే రచయిత ఆ ఊరికి పోవుట మానుకొనెను. ఊరిని ప్రేమించుటకును, ఊరి పద్దు చదువనొల్లకుండుటకును భేదమున్నదని వారికి చెప్పువారు లేకపోయిరి కాబోలు.

పర్మియన్ తుదిముందరి పోరువరకు పోయి, ఆస్టిన్‌లో డల్లాసు కార్టర్ బడిచేత 14-9 తేడాతో ఓడినది. కార్టర్ దాదాపుగా అంతయు నల్లజాతి విద్యార్థుల బడి. వారే ఆ ఏటి విజేతలు. కాని ఆ విజయము ఒక విద్యార్థి బీజగణితపు మార్కులమీద వ్రేలాడుచుండెను. టెక్సాసులో 1984లో ఒక శాసనము చేసిరి: ఏ పాఠ్యాంశములోనైనను నూటికి డెబ్బదికి తగ్గినవాడు ఆరువారములు ఆడరాదు. (1995లో దీనిని మూడువారములకు తగ్గించిరి.) ఆ శాసనమునకు ఆదరువైన గవర్నరు మార్క్ వైట్ 1986 ఎన్నికలో ఓడిపోయెను, ఓటమికి ఆటగాండ్ర తలిదండ్రుల కోపమును ఒక కారణమని పెక్కురు చెప్పుదురు. కార్టర్ బడి పిల్లవానికి ఉత్తీర్ణత వచ్చెనా లేదా అని ఉపాధ్యాయుడొకటి, బడి యాజమాన్యమొకటి, విద్యాశాఖ యొకటి చెప్పగా, తగవు న్యాయస్థానమున కెక్కెను. న్యాయస్థానపు ఉత్తరువుతో ఆడి గెలిచిరి. 1991లో ఆ విజయము రద్దయి, తుదిపోరున ఓడిన జడ్సన్ బడికి చెందినది. ఈ మధ్యలో ఆ జట్టు యువకులు కొందరు దోపిడినేరములకై 1989లో శిక్షింపబడిరి. పదునెనిమిదేండ్ల ప్రాయమున ఊరంతయు భుజములపై మోసిన పిల్లలు వారు.

ఇచ్చట ఆదిపర్వము చెప్పక తప్పదు. కార్యదర్శిగారి కోరికయు కొంత తీరును. ద్రోణుడు శిష్యుల విద్యను చూపుటకై రంగము కట్టించెను. పురజనులు మంచెలమీద కూర్చుండిరి. అర్జునుని నైపుణ్యమునకు కేకలు మిన్నంటినవి. అంతలో కర్ణుడు వచ్చి తానును అవన్నియు చేసెను. సభ రెండుగా చీలెను. అప్పుడు కృపుడు, "నీ కులమేది? తండ్రియెవరు?" అని అడిగెను. కర్ణుని ముఖము వాడెను. నేడు టెక్సాసులో అడుగునది కులము కాదు, మార్కులు. ఈ ప్రశ్న ఆ ప్రశ్నకన్న నూరురెట్లు న్యాయమైనది. ఏలనన కులమును ఎవడును దిద్దుకొనలేడు; బీజగణితమును దిద్దుకొనవచ్చును. అయితే మార్కుల పట్టీ వ్రాయు చేయి వణకకుండవలెను. ఆట ముందున్నప్పుడు ఒక అంకెను పెంచినవాడు ఆ పిల్లవానికి మేలు చేసినవాడు కాడు. అట్లే ప్రత్యర్థిబడికి పగయున్నదని అంకెను తవ్వినవాడును ధర్మాత్ముడు కాడు.

కులము అడుగుట అచ్చటను లేకపోలేదు. ఈ లీగు పుట్టిన దినములనుండి 1960ల వరకు తెల్లవారి బడులకే పరిమితము. నల్లవారు 1920లో వేరొక లీగు పెట్టుకొనిరి. 1940నుండి దానిలో ఫుట్‌బాల్ విజేతలను నిర్ణయించిరి. ఊరి స్టేడియము శుక్రవారము రాత్రి తెల్లవారిది గనుక వారు బుధ, గురువారముల రాత్రులు ఆడిరి. ఒకే ఊరు, ఒకే గడ్డి, రెండు పౌరుషములు. 1967-68నుండి వారి బడులు పెద్ద లీగున చేర్చుకొనబడినవి. 1970లో నల్లవారి లీగు ముగిసినది. న్యాయము జరిగినది. కాని కలయికలో మూతబడినవి పెక్కు నల్లవారి బడులే. పేరు పోయెను, జట్టు పోయెను, గెలిచిన కప్పులును చెదరిపోయెను.

ఇక మన పిల్లలున్న ప్రాంతము. డల్లాసునకు ఉత్తరమున ఆలెన్ అను ఊరున్నది. ఊరు లక్షకు పెరిగినను ఒకే ఉన్నత పాఠశాల చాలునని వారు పట్టుబట్టిరి. రెండు బడులైనచో ఊరు రెండగునని భయము. ప్రజల ఓటుతో తెచ్చిన అప్పునుండి ఆరుకోట్ల డాలర్లు పెట్టి పదునెనిమిదివేలమంది పట్టు స్టేడియము 2012లో తెరచిరి. ఆ ఏడుమొదలు మూడేండ్లు వరుసగా రాష్ట్రవిజేతలైరి. కాని 2014లో కాంక్రీటు బీటలు వారుటచే స్టేడియము మూయవలసివచ్చెను; 2015లో మరల తెరచిరి. అనగా ఆ విజయములలో ఒకటి తమ గడ్డపై ఆడక గెలిచినదే. ప్రక్కనున్న ఫ్రిస్కో ఊరివారి త్రోవ వేరు. మన తెలుగువారు వేలకొలది ఉన్న ఊరది. బడి చిన్నదైనచో ఎక్కువమంది పిల్లలకు జట్టులోనో, మేళములోనో చోటుదొరకునని పండ్రెండు ఉన్నత పాఠశాలలు కట్టిరి. కప్పులు గెలుచుటకు ఆలెన్ మార్గము మేలేమో. నాకైతే ఫ్రిస్కో మార్గమే నచ్చినది. మన మనుమలు ఆటకన్న మేళములోనే ఎక్కువ కనబడుచున్నారట. వేసవి యెండలో బరువైన వాద్యమును మోయుచు అడుగు తప్పక నడచుట చిన్నపని గాదు. వారిని తక్కువ చేయకుడు.

మన ఊరివంటి ఊళ్ళ మాట చెప్పక ముగించుట న్యాయము గాదు. పదునొకండుగురు దొరకని బడి యేమి చేయవలెను? 1934లో నెబ్రాస్కా రాష్ట్రమున ఎప్లర్ అను ఉపాధ్యాయుడు ఆర్గురి ఆటను కల్పించెను. మైదానము ఎనుబది గజములు. పది కాదు, పదునైదు గజములు జరుగవలెను. ఆరుగురిలో ఎవడైనను బంతిని పట్టవచ్చును. మొదటి అర్ధభాగము ముగిసిన పిమ్మట నలుబదియైదు పాయింట్ల తేడా వచ్చినచో ఆట నిలుపుదురు. చిన్నవారిని మరీ అవమానింపరాదని. టెక్సాసులో నూరుమందికి అటునిటుగా విద్యార్థులుగల బడులు నేటికిని ఈ యాటను ఆడుచు, తమ తరగతిలో రాష్ట్రకిరీటమునకై పోరాడుచున్నవి. పత్తిచేల నడుమ నాలుగు దీపస్తంభములు, గీతవెంబడి నిలిపిన వాహనములలో కూర్చున్న ఊరు. ఆ ఊళ్ళలో సంఖ్య ఇంకను తగ్గినప్పుడు బడిని పొరుగూరి బడితో కలుపుదురు. ఆ సభలలో భవనమునకన్న జట్టుపేరునకే ఎక్కువ వాదము జరుగును. రెండూళ్ళ పేర్లను జోడించి ఒక్క జట్టుకు పెట్టుకొన్నవారును కలరు. మన బడి పై తరగతులను పొరుగూరికి తరలింతురన్న మాట వచ్చినప్పుడు మనము పడిన కలత గుర్తున్నవారికి ఇది వివరింపనక్కరలేదు.

తాతలకు ఒక సూచన. ప్లేఆఫ్ దినములలో వారి శుక్రవారము రాత్రి ఏడు గంటలు మనకు శనివారము ఉదయము ఆరున్నర. ఆట ముగియుటకు మనకు తొమ్మిదిన్నర కావచ్చును. పది దాటిన పిమ్మట ఫోను చేయుడు. మీ బడి ఏ తరగతి, ఏ విభాగము, ఎన్నవ పోరు, తరువాతి ఆట ఏ ఊరిలో అని అడుగుడు. ఓడినచో ఆ వారమునకు ఆట మాట ఎత్తక, బీజగణితమునుగూర్చి అడుగుడు.