అక్షరదానానికి కావలసినది కాలం

(వసంతపంచమి నాడు ఆలయ మండపంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉదయం ఈ మండపంలో ఎందరో పసిబిడ్డలకు అక్షరాభ్యాసం జరిగింది. తండ్రి ఒడిలో కూర్చుండి, పళ్ళెంలోని బియ్యంపై వేలితో దిద్దిన ఆ చిన్నారులను చూచి మనమందరం ఆనందించాం. అయితే బియ్యంపై వ్రాసిన అక్షరం పళ్ళెం కదిలితే చెదిరిపోతుంది. అది బిడ్డ బుద్ధిలో నిలిచేవరకు ప్రక్కన కూర్చుండేవారెవరు? నా ప్రసంగం ఆ ప్రశ్నను గురించియే.

నేను సంస్కృతం చదివి, సంస్కృతమే బోధించి విశ్రాంతి పొందినవాడను. ఆ తరువాత మా ఇంటికి సమీపంలోని ప్రాథమిక పాఠశాలలో, ప్రధానోపాధ్యాయుల అనుమతితో, వారానికి రెండు రోజులు పిల్లలచేత చదివించే పనికి పూనుకొన్నాను.

మూడవ తరగతి బాలుడొకడు తొలినాడే నన్ను ముగ్ధుణ్ణి చేశాడు. పుస్తకం తెరచి ఇస్తే తడబాటు లేకుండా పాఠమంతా చదివాడు. “శభాష్ నాయనా!” అని వీపు తట్టాను. మూడు వారాలు ఇట్లే గడచాయి. ఒకనాడు గాలికి పుట తిరిగిపోయింది. వాడు గమనించలేదు. క్రొత్త పుటపై వేలు కదుపుతూ పాత పాఠమే వల్లిస్తున్నాడు! నా గుండె జల్లుమన్నది. ఒక చిన్న మాటపై వేలుంచి “ఇదేమిటి?” అన్నాను. వాడు తల వంచుకొన్నాడు. “పక్కవాళ్ళు చదువుతుంటే విని నేర్చుకున్నానండి పంతులుగారూ. ఎవరికీ చెప్పకండి” అన్నాడు.

దోషం వాడిది కాదు, నాది. గురుముఖంగా విని, సంత చెప్పుకొని, ధారణ చేయడమే విద్యగా పెరిగినవాడను నేను. అందుచేత కంఠస్థం వినబడగానే చదువు వచ్చినదని భ్రమించాను. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామం, సంతానం అని ఆరు అంశాలను పేర్కొంటుంది. వాటిలో మొదటిది వర్ణం. ఆ మొదటిదే వాడికి అందలేదని నేను గుర్తించలేకపోయాను.

మన లిపి ముత్యాలవలె ఉంటుంది గాని పసివారికి సులభం కాదు. ‘ప’కు ‘వ’కు, ‘మ’కు ‘య’కు భేదం స్వల్పం. ‘చెట్టు’ అన్న మాట చూడండి. ఒత్తు క్రింద ఉంటుంది, కొమ్ము ప్రక్కన ఉంటుంది. పలికేటప్పుడు కొమ్ము ఒత్తు తరువాతనే వినబడాలి. అక్కడ బిడ్డ ఆగితే అది మందబుద్ధి కాదు. కన్ను దారి వెదకుకొంటున్నదని గ్రహించాలి.

2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుండి 14 ఏండ్ల బిడ్డలకు బడిలో స్థానం ఇచ్చింది. కాని బడిలో కూర్చోవడం వేరు, చదవగలగడం వేరు. 2005 నుండి ప్రథమ్ సంస్థ ఆధ్వర్యంలో జరుగుతున్న ‘అసర్’ సర్వేలో స్వచ్ఛంద సేవకులు గ్రామాలలో ఇంటింటికీ వెళ్ళి పిల్లలచేత అక్షరం, పదం, చిన్న పేరా, కథ చదివిస్తారు. రెండవ తరగతి పాఠం చదవలేని అయిదవ తరగతి పిల్లలు ఎందరో ఉన్నారని ఆ నివేదికలు పలుమార్లు తెలిపాయి. బిడ్డ ఏ తరగతిలో ఉన్నాడని గాక, ఏ మెట్టు మీద ఉన్నాడని చూచి అక్కడినుండి ఆరంభించాలని వాటివలన నేర్చుకొన్నాను.

వాడి రహస్యం ఇతర పిల్లలకు తెలియనీయలేదు. వాడి పేరుతో, వాడి అమ్మ పేరుతో మొదలుపెట్టాం. రోజుకు అయిదు మాటలు. పదాలు కూడబలుక్కొంటున్న సమయంలో కార్తికమాసం వచ్చింది. వాడికి చెప్పకుండానే నేను కాశీయాత్రకు బయలుదేరాను. నెల గడచి తిరిగివచ్చేసరికి వాడు చివరి వరుసలో చేరి, మరల విని వల్లించడం ఆరంభించాడు. “మీరింక రారనుకున్నానండి” అన్నాడు. విశ్వేశ్వరుని దర్శించి వచ్చిన నాకు ఆ మాట ముందు నోట మాట రాలేదు. నాటినుండి ఊరు విడవవలసివస్తే పిల్లలకు ముందుగా చెప్పి, నా బదులు మరొకరిని కూర్చుండబెట్టి వెళుతున్నాను.

దాతలారా! మీరు పలకలు, పుస్తకాలు ఉదారంగా ఇస్తున్నారు. సంతోషం. వాటితోపాటు వారానికి రెండు గంటలు ఇవ్వండి. పాండిత్యం అక్కరలేదు. తెలుగు చదవగలిగి, ఓపిక ఉంటే చాలు. పాఠశాల అనుమతితో, ఉపాధ్యాయుల ఎదుటనే కూర్చోండి. బిడ్డ ఆగినచోట తొందరపడి మాట అందించకండి. కొంచెం వేచి ఉండండి. చెప్పిన రోజున తప్పక వెళ్ళండి.

గత నెలలో ఆ బాలుడు తల్లితో ఈ ఆలయానికి వచ్చాడు. గోడలోని దాతల శిలాఫలకం ముందు నిలబడి, ఒక్కొక్క పేరుమీద వేలుంచి చదవసాగాడు. ఒత్తుల దగ్గర ఆగాడు, మరల కూడదీసుకొన్నాడు. నేను అందించలేదు. పదకొండు పేర్లు చదివి నావైపు చూశాడు. మీలో కొందరి పేర్లు ఆ పదకొండింటిలో ఉన్నాయి. రాతిపై పేర్లు చెక్కించుకొన్నాం. వాటిని చదివే కన్నులను కూడా మనమే సిద్ధం చేయాలి గదా!

స్వస్తి.