వంగే రాడ్డు, విరిగే రాడ్డు

ఈరోజు ఆదోనిలో పట్టాలు అందుకుంటున్న మెకానికల్ విద్యార్థులకు నా అభినందనలు.

మాది కోసిగి. బెంగళూరులో పాత స్పోర్ట్స్ కార్లకు విడిభాగాలు చేసే పని నాది. కంపెనీ ఎప్పుడో ఆపేసిన మోడళ్లకు స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్లు, స్టీరింగ్ ఆర్ములు బజారులో దొరకవు. కొత్తగా చేసుకోవాల్సిందే. ఆ పని నేర్పిన ఒక్క మాట మీకు చెప్పాలని వచ్చాను. స్టీరింగ్ భాగం ఎంత గట్టిది అన్నది తర్వాతి ప్రశ్న. పోతే ఎలా పోతుంది అన్నది మొదటి ప్రశ్న.

గుంతలో పడి టై రాడ్డు వంగితే బండి పక్కకు లాగుతుంది, టైరు ఒకవైపే అరుగుతుంది. డ్రైవరుకు తెలుస్తుంది, ఆపి చూసుకుంటాడు. అదే రాడ్డు పుటుక్కున విరిగితే చక్రం తన దారిన తాను పోతుంది. అందుకే ఈ భాగాలకు మధ్యరకం కార్బన్ ఉక్కునో, క్రోమియం కలిసిన మిశ్రమ ఉక్కునో వాడి, ఫోర్జింగ్ చేసి, కాచి, నూనెలో చల్లార్చి, మళ్లీ టెంపర్ చేస్తారు. లేత్ షాపుల్లో ఈఎన్ 8, ఈఎన్ 19, ఈఎన్ 24 అని అడిగి తెచ్చుకునే కడ్డీలు ఈ జాతివే. వాటిని ఇంకా గట్టిపరచవచ్చు. కానీ గట్టిదనం పెరిగేకొద్దీ వంగే గుణం పోతుంది, కాబట్టి ఒకచోట ఆగాలి.

అల్యూమినియంతో చేసిపెట్టమని అడిగేవాళ్లు చాలామంది. ఉక్కు బరువులో మూడో వంతే, నిజమే. వంగకుండా నిలిచే బిగువు కూడా మూడో వంతే. పైగా చిన్న బరువులే అయినా కోట్లసార్లు పడితే దానికి అలసట (ఫెటీగ్) తప్పదు. 7075 రకం అల్యూమినియం బలమైనదే గానీ, టీ6 అనే గట్టిపరిచిన స్థితిలో ఎప్పుడూ లాగుడు మీద, తేమలో ఉంటే లోలోపల నెర్రెలిస్తుంది. ఇక స్టెయిన్‌లెస్ 304 తుప్పు పట్టదన్న మాటే గానీ, కాచి గట్టిపరిచిన ఉక్కుతో పోలిస్తే తక్కువ బరువుకే సాగిపోతుంది. దాని మరలు కూడా ఒకదానికొకటి పట్టేసుకుంటాయి.

పూత దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. రాడ్డు తళతళలాడాలని ఆసిడ్‌లో ముంచి, జింకో క్రోమో ఎక్కిస్తారు. ఆ ఆసిడ్‌లోనూ, కరెంటు పెట్టిన తొట్టిలోనూ హైడ్రోజన్ పుట్టి ఉక్కులోకి దిగుతుంది. మెత్తటి ఉక్కుకు పెద్ద ముప్పు లేదు. బాగా గట్టిపరిచిన బోల్టు మాత్రం బిగించిన కొన్ని గంటలకో, కొన్ని రోజులకో, ఎవరూ ముట్టుకోకుండానే తెగిపోతుంది. దీనికి మందు ఉంది. ప్లేటింగ్ అయిన 4 గంటల్లోపు ఓవెన్‌లో పెట్టి, 190 నుంచి 220 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచాలి. ప్లేటింగ్ చేసినాయన ఆ పని చేశాడో లేదో చూసి చెప్పలేం, రెండూ ఒకేలా మెరుస్తాయి. కాబట్టి రాతపూర్వకంగా అడగండి. చేయలేదంటే ఆ ముక్కను బండికి ఎక్కించకండి.

పౌడర్ కోటింగ్ అందంగానే ఉంటుంది. అయితే అది మందం. నట్టు కింద నలిగి బిగువు వదిలేస్తుంది, కింద పుట్టిన నెర్రెను కప్పేస్తుంది. నేను ఫాస్ఫేట్ చేసి, పైన పలుచటి నల్లరంగు వేస్తాను. బాల్ జాయింట్ టేపరు మీద మాత్రం చుక్క రంగు పడనివ్వను. అక్కడ లోహం లోహాన్నే పట్టుకోవాలి.

విరిగిన రాడ్డు దొరికితే పారేయకండి, విరిగిన ముఖం చూడండి. అలసటతో విరిగినదైతే ఒక అంచున మర అడుగు నుంచి మొదలై నున్నగా, నల్లగా వంపు గీతలు ఉంటాయి. మిగతా భాగం గరుకుగా, తెల్లగా ఉంటుంది. ఆ నలుపు నెలల తరబడి నడిచిన నెర్రె, తెలుపు చివరి క్షణం. మొదలైన చోట ఎక్కువసార్లు కనిపించేది లేత్ టూలు వదిలిన పదునైన మూల. ఆ మూలను కాస్త గుండ్రంగా తిప్పి ఉంటే నెర్రెకు చోటు అంత సులువుగా దొరికేది కాదు.

ఇది చిన్న షాపుల సంగతే కాదు. 1994 మే 1న ఇటలీలోని ఇమోలా రేసులో ఫార్ములా వన్ డ్రైవర్ అయర్టన్ సెన్నా చనిపోయాడు. లోపల ఇంకాస్త చోటు కోసం అతని విలియమ్స్ జట్టు కారు స్టీరింగ్ కాలమ్‌ను కోసి, మధ్యలో సన్నటి గొట్టం వెల్డింగ్ చేశారు. ఆ కాలమ్ విరిగి దొరికింది. ప్రమాదానికి కారణం అదేనా అన్న వాదన సాగినా, 2007లో ఇటలీ అత్యున్నత న్యాయస్థానం ఆ మార్పునే తప్పుపట్టింది. డబ్బుకు, తెలివికి కొదవలేని జట్టు అది.

మన కర్నూలు పశ్చిమ మండలాల్లో వానలు తక్కువ, తుప్పు కంటే దుమ్మే పెద్ద శత్రువు. బాల్ జాయింటును కప్పే రబ్బరు బూటు చిరిగిందంటే రేగడి దుమ్ము గ్రీజులో కలిసి జాయింటును అరగదీస్తుంది. ఇక్కడ ఖరీదైన పూత కన్నా మంచి బూటే నయం. ఆదోని మార్కెట్‌కు పత్తి తెచ్చే బండ్లు చూస్తున్నారు కదా, ఎంత బరువుతో వస్తాయో. మన ఊళ్లవాళ్లు సుగ్గికి (వలస కూలి పనులకు), గుంటూరు వైపు మిరప కోతలకు పోయే బండ్లూ అంతే. పిల్లాజెల్లాతో, వంట సామాన్లతో కిక్కిరిసి రాత్రంతా నడుస్తాయి. లక్షల కారుకు నేను పెట్టే శ్రద్ధలో ఒక్క పిసరు కూడా ఆ బండి రాడ్డుకు తగ్గకూడదు. విరిగిన స్టీరింగ్ ఆర్మును వెల్డింగ్ పెట్టి ఇమ్మని మీ దగ్గరికి వస్తారు. తొందరలో ఉంటారు, చేతిలో డబ్బుండదు. అయినా వెల్డింగ్ పెట్టకండి. కొత్తది తెప్పించండి, అప్పుకైనా ఇవ్వండి. తీసేసిన పాతదాన్ని అక్కడికక్కడే రంపంతో రెండు ముక్కలు కోసి గుజరీకి వేయండి. లేకపోతే వారం తిరక్కుండా రంగు వేసుకుని ఇంకో బండి కిందికి చేరుతుంది.