ఎరాస్మసు పండితుడును మతసంస్కరణమును



మగ్గమే జీవనాధారముగా గల మన సభలో ఐరోపా పండితుని ప్రసక్తి యేల యని కొందఱికి దోపవచ్చును. నేతగాడు మగ్గముకడ ధర్మగ్రంథవాక్యములను పాడుకొనవలెనని కోరిన మహనీయు డాయన.

రాటర్‌డాము వాస్తవ్యుడగు ఎరాస్మసు కాలమున పశ్చిమ ఐరోపా దేవాలయములలో క్రైస్తవ ధర్మగ్రంథము లాటినుభాషలోనే పఠింపబడుచుండెను. సామాన్యజనుల కది బోధపడదు. ఆయన గ్రీకు వ్రాతప్రతులను పరిశీలించి, 1516వ సంవత్సరమున బాసెలు నగరమున క్రొత్తనిబంధనమును గ్రీకు మూలముతోను, తన లాటిను అనువాదముతోను బ్రకటించెను. స్త్రీలును, కర్షకులును, నేతగాండ్రును దానిని స్వభాషలో నెఱుగవలెనని పీఠికలో గోరెను.

ఒక్క యుదాహరణము చాలును. పూర్వపు లాటిను పాఠమునుబట్టి “ప్రాయశ్చిత్తము చేయుడు” అని జనులు గ్రహించుచుండిన వాక్యమునకు “మనసు మార్చుకొనుడు” అనుటయే మూలార్థమని యాయన చూపెను. బాహ్యకర్మకంటె అంతఃకరణశుద్ధియే ప్రధానమని తేలెను. ఆయన 1519 నాటి రెండవ ముద్రణము నాధారము చేసికొని లూథరు 1522లో జర్మనుభాషలోనికి క్రొత్తనిబంధనమును దెచ్చెను. 1526లో టిండేలు గ్రీకు మూలమునుండియే యాంగ్లానువాదమును బ్రకటించెను.

అయినను ఎరాస్మసు రోమను సంఘమును వీడలేదు. 1524లో మానవేచ్ఛాస్వాతంత్ర్యమునుగూర్చి లూథరుతో వాదించెను. ఉభయపక్షములవారును ఆయనను నిందించిరి. ఆయన మాత్రము కలహమునకంటె విద్యనే నమ్మెను.

సోదరులారా! గ్రంథము చేతికి వచ్చినను అక్షరము రానివానికి ఫలమేమి? మన బాలబాలికల విద్యకు పోషకమహాశయులు తోడ్పడుదురుగాక!