'మిస్చిఫ్' అను మాటయు, మన పిల్లల అల్లరియు
(తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగపాఠము)



ఆంగ్లమందలి 'మిస్చిఫ్' అను పదమును వాక్యములలో ప్రయోగింపుడని ఎనిమిదవ తరగతివారిని అడిగితిమి. పెక్కురు 'ఎ మిస్చిఫ్' అని వ్రాసిరి. అల్లరి అను అర్థమున ఆ మాటకు ముందు 'ఎ' చేరదు. 'ది బాయ్ ఈజ్ అప్ టు మిస్చిఫ్' అన్నచో, పిల్లవాడేదో కొంటెపని తలపెట్టినాడని భావము. 'మేక్ మిస్చిఫ్' అన్నచో తంపులు పెట్టుట. చట్టమున నిదే పేరుతో ఒక నేరము కలదు: బుద్ధిపూర్వకముగా ఒరుల ఆస్తిని పాడుచేయుట. 1860 నాటి శిక్షాస్మృతిలో అది 425వ సెక్షను. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 324వది.

మన 'అల్లరి' మాత్రము తక్కువదా? పసివాడు చేసిన అల్లరియే బహువచనమైనచో ఊరిలో అల్లర్లు! అయినను మనకు చిలిపితనము, కొంటెతనము, తుంటరితనము, ఆగడము అని మెట్లు కలవు. ఈ తమిళనాట వీథిలో ఆడుకొను మన పిల్లలు అన్నింటిని 'కుఱుంబు' అని సరిపెట్టుచున్నారు. ఇంట పెద్దలు 'నాటీ' అనుచున్నారు.

చిక్కేమనగా, "మీవాడు మిస్చిఫ్ చేసినాడు" అను చీటీ ఇంటికి వచ్చును. సుద్దముక్క దాచినవానికిని, తోటివాని కళ్లజోడు విరుగగొట్టినవానికిని ఒకే దెబ్బలు పడును. కావున ఇకపై మా ఉపాధ్యాయులు ఆ ఒక్క మాట గాక, జరిగినదేమో తెలుగున పూర్తి వాక్యముగా వ్రాయుదురు. మీరును చేయి ఎత్తుటకు ముందు, ఆ వాక్యమును బాలునిచేతనే చదివించి వినుడు.