ఏకాండి కర్ర, నలుగురి చేతులు
(ఆదిభట్ల నారాయణదాసు స్మారకోపన్యాసం, బొబ్బిలి)

నారాయణదాసుగారి పేరు మీద బొబ్బిలిలో మాట్లాడమంటే కాదనడానికి నోరు రాదు. 1864లో ఆయన పుట్టిన అజ్జాడ ఇక్కడికి ఎంతో దూరం కాదు. ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఆయన కథ విన్నామని చెప్పుకున్న తాతల మనవలు ఈ సభలో కూడా ఉండే ఉంటారు.

ఆహ్వానపత్రంలో నా ఉపన్యాసాంశం 'కలిసి పనిచేసే, కొత్తది పుట్టించే కొలువులకు విద్యార్థులను తయారుచేయడం' అని అచ్చువేశారు. దాసుగారి పేరు పక్కన ఇదేమిటని ఒకరిద్దరు నన్ను బయటే అడిగారు. ఆయన్ని మనం హరికథా పితామహుడిగా తలుచుకుంటాం గానీ, 1919 నుంచి 1936 దాకా విజయనగరంలో ఒక విద్యాసంస్థను నడిపిన మనిషిగా తలుచుకోం. నేను ఎక్కువ కాలం గడిపింది ఆ పదిహేడేళ్లతోనే. అందుకని ఇవాళ కూడా అక్కడే ఎక్కువసేపు ఆగుతాను, ఓర్చుకోండి.

అంతకుముందు చరిత్ర మీకు చెప్పనక్కర్లేదు. 1757 జనవరి 24న ఇక్కడ జరిగిన బొబ్బిలి యుద్ధం గురించి ఈ ఊరి పసిపిల్లలను అడిగినా చెబుతారు. విజయనగరంలో మహారాజా కళాశాల 1879లో వచ్చింది, సంస్థానాలు బడులు పెట్టాయి, కుంఫిణీ పాలన పోయింది. ఇవన్నీ గెజిటీర్లలో ఉన్నాయి. నిజం చెప్పొద్దూ, ఆ భాగం చదువుతుంటే నాకు జీవో చదువుతున్నట్టే ఉంటుంది. దాటేద్దాం.

కలిసి పనిచేయడమంటే ఏమిటో చూడటానికి ముందు ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న గొల్లపల్లి వెళదాం. బొబ్బిలి వీణ అని లోకం అంటున్నది అక్కడ సర్వసిద్ధి ఇంటిపేరు వాళ్ల చేతుల్లో తయారయ్యే వీణనే. పనస దుంగ. కుండ, దండి, చివర యాళి ముఖం, అన్నీ ఒకే మానులోంచి తీస్తే అది ఏకాండి వీణ. ఈ 'ఏక' చాలామంది పండితులను తప్పుదారి పట్టించింది. కర్ర ఒకటే కాబట్టి చెయ్యీ ఒకటే అనుకున్నారు. ఆ వాకిట్లో ఒక పూట కూర్చుంటే సంగతి తెలుస్తుంది. ఒకరు బాడితతో దుంగను దొలుస్తుంటారు. గోడ మందం ఎక్కువుంటే వీణ మొద్దుగా పలుకుతుంది, మరీ పల్చబడితే చీలిపోతుంది. అందుకే మధ్యమధ్య వేలి కణుపుతో కొట్టి వింటారు. యాళి మూతి, కోరలు చెక్కేది ఇంకొకరు. నగిషీ మరొకరిది. చివరికి మేళం కట్టే ఆయన దగ్గరికి వస్తుంది. తేనెమైనం కలిపిన నల్లటి ముద్దను దండి మీద రెండు వైపులా గట్లుగా పోసి, అది మెత్తగా ఉండగానే 24 మెట్లు ఒక్కొక్కటే పెట్టి, తీగ మీటి వింటూ, వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతాడు. కొలబద్ద ఒక్కటే అక్కడ చాలదు, చెవి కావాలి. కుండ దొలిచిన మనిషి చేసిన తప్పు కూడా ఆ చెవికే దొరుకుతుంది. 'ఇది ఎవరు దొలిచార్రా' అని ఆయన ఒక్క మాటంటే చాలు, గుంటడికి పాఠం అయిపోయినట్టే. మార్కులు లేవు, పరీక్ష లేదు. పక్కవాడి పని తన పని మీద ఆధారపడి ఉందని తెలిసేలా వాడిని అక్కడ కూర్చోబెట్టారు, అంతే. కలిసి పనిచేయడం నేర్పడానికి నేను చూసినంతలో ఇంతకంటే గట్టి పద్ధతి లేదు.

ఇక 1919. విజయరామ గజపతి మహారాజు విజయనగరంలో గాన పాఠశాల పెట్టారు. దాని పుట్టుక కథ ముచ్చటైనది. సంస్థానంలో కొలువున్న ఒకాయన కుమారుడికి చూపు లేదు, సంగీతమంటే ప్రాణం. ఆ కుర్రాడికి చదువు చెప్పించాలన్న తలపు పెరిగి పెరిగి ఒక పాఠశాల అయిందని చెప్పుకుంటారు. ఒక్క పిల్లవాడి కోసం మొదలైన బడి గనక దానికి మొదటి నుంచీ ఒక గుణం పట్టుబడింది: పిల్లవాడు ఎలా ఉన్నాడో చూసి, దాన్నిబట్టి బడి కదలడం.

దాసుగారు అధ్యక్షులు. ఒకరి కింద ఉద్యోగమంటే మొహం చాటేసే మనిషి ఆయన, అయినా ఒప్పుకున్నారు. ఇంకో వింత చూడండి. రెండు చేతులు, రెండు కాళ్లు, తల, అయిదింటితో అయిదు తాళాలు ఒక్కసారే వేసి చూపగలిగిన మనిషి. పక్కవాడి అవసరమే లేని మనిషి. అటువంటాయన నడిపిన బడిలో గాత్రం, ఫిడేలు, వీణ, మృదంగం ఒకే కప్పు కిందికి వచ్చాయి. వీణకు వాసా వెంకటరావుగారు. ఫిడేలుకు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. నాయుడుగారి సంగతి మీకు తెలిసిందే: విద్యార్థిగా చేరదామని వచ్చినవాడు, వాయించి వినిపించాక అధ్యాపకుడయ్యాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్లు. దరఖాస్తులో రాసింది ఒకటి, చెవికి వినిపించింది ఒకటి. చెవి మాటే నెగ్గింది. ఈ రోజుల్లో ఏ కమిటీ అయినా అంత పని చేయగలదా? ఆడిట్ వాళ్లు ఊరుకోరు.

హరికథ గురించి ఒక్క మాట. దాసుగారి కథను మనం ఒంటరి ప్రదర్శన అనుకుంటాం, అదీ పొరపాటే. పద్యంలోంచి వచనంలోకి, వచనంలోంచి కీర్తనలోకి, గజ్జె కదిలిన క్షణంలో తాళం మారిపోతుంది. పక్కన కూర్చున్న ఫిడేలు, మృదంగం దాన్ని ముందే పసిగట్టాలి. కాగితం మీద రాసుకున్నది ఏదీ అక్కడ అక్కరకు రాదు. ఎప్పుడు అందుకోవాలో ఎంత ముఖ్యమో, ఎప్పుడు ఊరుకోవాలో అంతకంటే ముఖ్యం. పక్కవాద్యం నేర్చినవాడికి ఈ ఊరుకోవడం వస్తుంది.

ఇక్కడ నా పాత తగాదా ఒకటి బయటపెట్టక తప్పదు. విశాఖ వైపు నా మిత్రులు కొందరు రాతల్లోనూ సభల్లోనూ ఒకే మాట తిప్పితిప్పి చెబుతున్నారు: గురుకులంలో సృజన ఉండేది, పాఠశాల వచ్చి గంట కొడితే పాడేవాళ్లను, సర్టిఫికెట్ పట్టుకు తిరిగేవాళ్లను తయారుచేసింది, 1919 అంటే పతనానికి తొలిమెట్టు. వాళ్లంటే నాకు గౌరవమే. అయితే ఈ వాదంలో గురుకులం అనే బొమ్మను వాళ్లే గీసుకుని దానికి వాళ్లే దండం పెడుతున్నారు. ఒక గురువు దగ్గర పన్నెండేళ్లు ఉన్న శిష్యుడు విన్న గొంతులు ఎన్ని? ఒకటి. గురువు బాణీ దాటితే అపచారం. పాఠశాలలో గాత్రం నేర్చే కుర్రాడు గది దాటితే వీణ మీద అదే రాగం మరోలా నడవడం వింటాడు. మృదంగం కుర్రాడు అందరి పక్కనా కూర్చోవాలి. నాలుగు రకాల నడకకు చెయ్యి ఇవ్వాలి. కొత్తది పుట్టేది ఈ రాపిడిలోంచే గదా? పైగా గురుకులం కూడా చచ్చిపోలేదు. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆ పాఠశాలలో అధ్యాపకులే. చదువు కోసం ఊరుగాని ఊరు వచ్చిన ఘంటసాలకు ఇంట్లో చోటిచ్చి పాఠం చెప్పిందీ ఆయనే. కుర్రాడు మధుకరం ఎత్తుకుని కడుపు నింపుకున్నాడు. మరి దాన్ని గురుకులం అంటారా, పాఠశాల అంటారా? ఈ ప్రశ్న నేను మిత్రులను ముఖాముఖి అడిగాను. జవాబుగా సామగానం గురించి చెప్పారు. ఎక్కడో వేదకాలం దాకా వెళ్లిపోతే విజయనగరం వీధుల్లో జరిగింది ఎక్కడ కనిపిస్తుంది?

ఈ తగాదాకు సాక్ష్యం గ్రంథాలయంలో కంటే మన చెవుల్లోనే ఎక్కువుంది. 1919లో తెలుగు టాకీ లేదు. ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం 1938 దాకా లేదు. అంటే ఆ బడిలో చదివినవాళ్లలో కొందరు, బడి పెట్టిననాటికి లోకంలో లేని కొలువులకు వెళ్లారు. ఘంటసాల వెళ్లింది అలాంటి కొలువుకే. తరవాత గాయని పి. సుశీల వెళ్లిందీ అక్కడికే. సినిమా పాట ఒక్కరు చేసేది కాదు. కవి, వరస కట్టేవాడు, వాద్యబృందం, పాడేవాళ్లు, శబ్దం పట్టే ఇంజనీరు, పక్కన గడియారం చూసుకునే నిర్మాత. 'మాయాబజార్' (1957) తీసుకోండి. మన సాలూరు పక్కనుంచి వెళ్లిన రాజేశ్వరరావుగారు నాలుగు పాటలకు వరసలు కట్టి తప్పుకున్నారు. ఆ వరసలకు వాద్యసమ్మేళనం కూర్చి, మిగిలిన పాటలు తాను చేసి, సినిమాను గట్టెక్కించింది ఘంటసాల. వింటుంటే ఎక్కడ ఒకరు ఆగి మరొకరు అందుకున్నారో అతుకు కనిపించదు. ఇంకొకరి వరసను తన అహం అడ్డు రాకుండా అందుకుని పూర్తిచేయడం ఏ సిలబస్‌లో ఉంది? పక్కవాద్యాల మధ్య పెరిగిన చెవికి అది అలవాటైన పని.

మిగతా చోట్ల జరిగింది రెండు ముక్కల్లో చెబుతాను. 1910లో బందరులో కోపల్లె హనుమంతరావు, పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావుగార్లు జాతీయ కళాశాల పెట్టి చదువుతోపాటు చేతిపనులు, చిత్రకళ నేర్పించారు. అడివి బాపిరాజుగారు కొంతకాలం దానికి ప్రిన్సిపాల్. 1937లో వార్ధాలో గాంధీగారు చేతిపని చుట్టూ చదువు అల్లాలన్నారు. రెండిటి మీదా మంచి పుస్తకాలు ఉన్నాయి, చదువుకోండి.

అధ్యక్షులు చీటీ పంపారు. స్వాతంత్ర్యం తరవాతి ఇన్నేళ్లూ అయిదు నిమిషాల్లో ముగించాలట. సంగీత పాఠశాల సర్కారు కళాశాల అయింది. ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు వచ్చాయి. ఇక్కడ గ్రోత్ సెంటర్ వచ్చింది. 2020లో జాతీయ విద్యావిధానం. మన రాష్ట్రంలో డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. 2022లో విజయనగరానికి గురజాడ పేరుతో సాంకేతిక విశ్వవిద్యాలయం. ఉద్దేశాలన్నీ మంచివే. కానీ తరగతిలో నేను చూస్తున్న 'గ్రూప్ ప్రాజెక్టు' సంగతి మీకూ తెలుసు: అట్ట మీద నాలుగు పేర్లు, పని చేసింది ఒకడు, ఒక్కోసారి ఆ ఒకడూ చేయడు, బజార్లో కొంటాడు. వైవాలో నలుగురినీ విడివిడిగా అడుగుతాం, మార్కులు విడివిడిగా వేస్తాం. ఒకడు దొలిచిన కుండ తప్పు ఇంకొకడి చెవికి తగిలే ఏర్పాటు అందులో ఎక్కడా లేదు.

గొల్లపల్లిలోనూ అంతా బాగుందనుకోకండి. 2011-12లో బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. కానీ ఇప్పుడు గిరాకీ ఎక్కువగా చిన్న బహుమతి వీణలకు. సభల్లో జ్ఞాపికగా ఇచ్చేవి. అద్దాల పెట్టెలో ఉండే వీణకు శ్రుతి అక్కర్లేదు. శ్రుతి అక్కర్లేనప్పుడు మేళం కట్టే ఆయనతో పనేముంది? చెక్కే చేతులకు కూలి దొరుకుతోంది, వినే చెవి కింద కూర్చునే కుర్రాడు తగ్గుతున్నాడు. కాబట్టి ఈ ఊరి కళాశాలలకు నా మనవి ఒకటే. ఆ పది నెలల్లో కొన్ని నెలలు నలుగురు విద్యార్థులకు కలిపి గొల్లపల్లిలో ఒక్క పలికే వీణ చేసే పని అప్పగించండి. ఫిజిక్స్ పిల్లవాడు, కామర్స్ అమ్మాయి, ఎవరైనా ఫరవాలేదు. కార్ఖానాకు కూలి, కర్ర ఖరీదు కళాశాల కట్టాలి. మార్కు నలుగురికీ కలిపి ఒకటే. వీణ పలికితే మార్కు, లేకపోతే లేదు. ఆ నలుగురిలో మెట్లు పెట్టడానికి ఎవరు కూర్చోవాలో మాత్రం మనం జాబితా రాసి పంపొద్దు. అక్కడి పెద్దాయన విని చెబుతాడు.