స్టీరింగు నూనె మార్పు

బోధను నుండి నిజామాబాదునకు వచ్చు దారిలో ఒకనాటి రాత్రి నా కారు స్టీరింగు మూలిగినది. మలుపులో ఎదురుగా వడ్ల బస్తాల ట్రాక్టరు వచ్చుచుండెను. ప్రక్కకు త్రిప్పబోవగా స్టీరింగు రాయివలె బిగిసి యుండెను. రెండు చేతులతో బలముకొలది లాగితిని. ట్రాలీకిని నా కారునకును జానెడు ఎడము మాత్రమే మిగిలినది. నా ప్రక్కన మా తల్లిగారు కూర్చుండియుండిరి.

కారణము మరునాడు తెలిసినది. కొన్ని దినములకు ముందు నూనె తగ్గినదని ఒక చోట పోయించుకొని, మిగిలిన సీసాను కారు వెనుక పెట్టించుకొంటిని. ఆ సీసా మీది చీటీ చదివితిని కదా, అది స్టీరింగు నూనె కాదు, బ్రేకు నూనె! దానివలన లోపలి రబ్బరు సీళ్లు చెడి, పంపును ర్యాకును రెంటిని మరమ్మతు చేయింపవలసి వచ్చినది. ఆ తప్పులో నా పాలును కలదు. పోయునపుడే ఆ చీటీ చదువుటకు నాకు అరనిమిషము పట్టియుండదు. ఇంటివద్ద మన చేతులతో ఈ నూనె మార్చుకొను విధమును ఈనాడు చెప్పుచున్నాను.

ముందుగా ఈ నూనె చేయు పనియేమో తెలిసికొందము. ఇంజను బెల్టుతో తిరుగు పంపు నూనెను ఒత్తిడితో ర్యాకునకు పంపును. మనము స్టీరింగును ఎటు త్రిప్పిన అటు కవాటము తెరచుకొనగా, నూనె పిస్టనును నెట్టి చక్రములను మరల్చును. పని తీరిన నూనె మరియొక గొట్టము ద్వారా డబ్బాకు తిరిగి చేరును. చక్కెర కర్మాగారములలో చెరకును నలుపు పై రోలరును అదిమి యుంచునది గూడ నూనె యొత్తిడియే. 2015 డిసెంబరులో మూతపడిన బోధను చక్కెర కర్మాగారములో పని చేసినవారికి ఈ సంగతి క్రొత్త కాదు. ఈ సాయమును మోటారు బండికి అమర్చి 1926లో నడిపి చూపినవాడు అమెరికా దేశపు ఇంజనీరు ఫ్రాన్సిస్ డేవిస్. 1951లో క్రైస్లరు సంస్థవారు దానిని తమ కార్లలో అమ్మకమునకు పెట్టిరి. ఇప్పటి చిన్న కార్లలో పెక్కింటికి ఈ సాయము విద్యుత్తు మోటారు వలననే కలుగుచున్నది. వానికి నూనెయే లేదు. కావున మీ బండిలో నూనె డబ్బా ఉన్నదో లేదో మొదట చూచుకొనవలెను.

తగ్గినంత పోసిన చాలదా యని కొందరడుగుదురు. మంజీర నదిపై 1931లో పూర్తియైన మన నిజాంసాగరమును చూడుడు. ఏటేట క్రొత్త నీరు వచ్చుచునే యున్నది; అయినను అడుగున చేరిన పూడిక పోలేదు, నిలువ తగ్గినది. నూనెయు నట్టిదే. వేడికి మాడి, అరిగిన లోహపు రజను కలిసి నల్లబడిన నూనెపై క్రొత్తది పోసిన మురికి పోదు. తెల్ల కాగితముపై ఒక బొట్టు వేసి చూడుడు. ఎఱ్ఱని నూనె గోధుమ వన్నెకో నలుపునకో తిరిగి, మాడువాసన కొట్టినచో మార్చవలసినదే.

ఏ నూనె పోయవలెనో డబ్బా మూత మీదను, బండితో వచ్చిన పుస్తకములోను ఉండును. పెక్కు బండ్లకు ఏ.టి.ఎఫ్. అను ఎఱ్ఱని గేరు నూనె సరిపోవును; కొన్నింటికి వేరు నూనె కావలెను. రంగు చూచి కొనరాదు, పేరు చూచి కొనవలెను.

ఇంజను చల్లారిన పిదప బండిని చదునైన నేలపై నిలిపి, చేతి బ్రేకు వేసి, వెనుక చక్రములకు రాళ్లు అడ్డము పెట్టుడు. ముందు చక్రములను జాకీతో లేపి, బండిని గట్టి స్టాండ్లపై దింపుడు. జాకీ నొక్కదానిని నమ్మి ఎవరును బండి క్రిందికి పోరాదు. మూత చుట్టునుగల దుమ్ము తుడిచి, పెద్ద సిరంజికి సన్నని గొట్టము తగిలించి డబ్బాలోని పాత నూనెను పీల్చివేయుడు. పిమ్మట నూనె తిరిగి వచ్చు గొట్టమును, అనగా మామూలు క్లిప్పుతో బిగించిన దానిని, డబ్బా నుండి ఊడదీసి ఖాళీ సీసాలో పెట్టుడు. డబ్బాకు మిగిలిన రంధ్రమును రబ్బరు బిరడాతో మూయుడు. ఒత్తిడి గొట్టము జోలికి పోవలదు.

డబ్బా నిండ క్రొత్త నూనె పోసి, తాళపు చెవి త్రిప్పి స్టీరింగు తాళము విడిపింపుడు. ఇంజను మాత్రము నడుపవలదు. ఒకరు స్టీరింగును ఈ కొస నుండి ఆ కొసకు మెల్లగా త్రిప్పుచుండగా, మరియొకరు డబ్బాలో నూనె అడుగంటకుండ పోయుచుండవలెను. అడుగంటినచో గాలి దూరును. సీసాలోనికి వచ్చు నూనె స్వచ్ఛమైన వన్నెకు వచ్చిన పిదప ఆపుడు. ఇందుకు లీటరు పట్టవచ్చును, అంతకు మించియు పట్టవచ్చును.

తరువాత గొట్టమును బిగించి, గుర్తు వరకు నూనె పోసి, ఇంజను నడుపకయే స్టీరింగును పదిహేను ఇరువది మారులు రెండు కొసలకు త్రిప్పుడు. లోని గాలి బుడగలుగా పైకి వచ్చును. అప్పుడు ఇంజను నడిపి చూడుడు. నురుగు, మూలుగు ఉన్నచో గాలి ఇంకను మిగిలినదని యర్థము. ఇంజను ఆపి కొంత సేపు విడిచి మరల త్రిప్పవలెను. స్టీరింగును కొసకు త్రిప్పి ఐదు క్షణములకు మించి పట్టియుంచరాదు; పంపు వేడెక్కి చెడును. మరునాటి ఉదయము గొట్టముల కీళ్లయొద్ద తడి యున్నదేమో చూచుకొనుడు. పాత నూనెను కాలువలో పారబోయక, వాడిన నూనెను సేకరించు వారికి ఒప్పగింపుడు.

చివరకు మరల ఆ రెండు సీసాల మాట. స్టీరింగులో బ్రేకు నూనె పోసితిమా, పంపు చెడును. నావలె డబ్బు పోవును. బ్రేకులో స్టీరింగు నూనె పోసితిమా, సీళ్లు ఉబ్బి బ్రేకులే పడకపోవచ్చును. అప్పుడు పోవునది డబ్బు కాదు. కావున రెండు సీసాలను ఒక చోట పెట్టకుడు. ఎవరు పోసినను, ఎంత తొందర యున్నను, మూత తీయుటకు ముందు చీటీ చదువుడు. ఆ రాత్రి నాకు మిగిలిన జానెడు ఎడము అందరికి మిగులునని చెప్పజాలను.